పొడి బోల్టు

తొమ్మిది బోల్టులు టక్కుమన్నాయి. పదోది అనలేదు.

సంతోషి పానాను ఇంకో రవ్వంత తిప్పింది. బిగువు సరిపోగానే టార్క్ పానా పిడిలోంచి టక్కుమని చప్పుడు రావాలి, అరచేతికి చిన్న కుదుపు తెలియాలి. అదేమీ లేదు. బోల్టు మెత్తగా, వెన్నలో దిగినట్టు తిరుగుతూనే ఉంది. అన్నీ పద్ధతిగానే చేసింది కదా! పది బోల్టులనూ గుడ్డతో తుడిచింది, ఉస్తాద్ నేర్పినట్టు ఒక్కొక్కదాని మరకూ నూనె ముట్టించింది, ఎదురెదురుగా ఉన్నవాటిని జతలుగా బిగించుకుంటూ వచ్చింది. ఇప్పుడు వేళ్లతో వెనక్కి తిప్పి బయటికి తీస్తే, బోల్టు చుట్టూ వెండితీగలా అల్యూమినియం చుట్టుకుని వచ్చింది. ఇంజిన్ గూటిలో ఉండాల్సిన మర కాస్తా ఊడి ఆమె చేతికొచ్చింది.

రెండు వారాల్లో ఇది మూడో బండి.

నాచారం పారిశ్రామికవాడలోకి తిరిగే మలుపులో ఉన్న ఆ రేకుల షెడ్డులో మోటర్‌సైకిళ్లు బాగుచేసేవాళ్లు ఆరుగురు. ఆ ఆరుగురిలో ఆడమనిషి సంతోషి ఒక్కతే. చేరి ఎనిమిది నెలలైంది, ఇంజిన్ కవర్లు ఒంటరిగా మూయడం మాత్రం ఈ నెలలోనే మొదలుపెట్టింది. సూపర్‌వైజర్ లక్ష్మీకాంత్ గుంటూరువాడు. మంచి కబురు తెచ్చినవాళ్లు ఆయన కోసం వెతుక్కోవాలి గానీ, చెడ్డ కబురు పుడితే మాత్రం పిలవకుండానే వచ్చి వెనక నిలబడి ఉంటాడు.

"మళ్లీనా? ఈ ఇంజిన్ల మీద నీకేమన్నా పగా, సంతోషీ?"

"పదే పెట్టిన సార్. పుస్తకంల ఇంజిన్ సైడ్ కవర్ బోల్టుకు పది న్యూటన్ మీటర్ల బిగువే ఉన్నది."

"పుస్తకం! ఉపేందర్ చేత్తో బిగిస్తాడు, ఒక్కటీ పోలేదు. రామస్వామి ముప్పయ్యేళ్లుగా బిగిస్తున్నాడు, ఒక్కటంటే ఒక్కటి పోలేదు. పుస్తకం చూసి, అంకెలున్న పానా పెట్టి మరీ బిగిస్తావు, నీ చేతిలోనే పోతాయి. నేనేమనుకోవాలి?"

పక్క బండి దగ్గర ఉపేందర్ కిసుక్కున నవ్వాడు. టార్క్ పానా ఉన్నది షెడ్డు మొత్తానికి సంతోషి దగ్గరే, అదీ ఆమె సొంతది. ఐటీఐలో నేర్చుకున్న అలవాటు. బోల్టు ముట్టుకునే ముందు ఫోన్‌లో కంపెనీ పుస్తకం తెరిచి, దానికి ఎంత బిగువు కావాలో చూసుకుంటుంది. అందుకని వెనకాల ఆమెకు పుస్తకం పాప అని పేరు పెట్టారు. ముందర కూడా పిలిచే ధైర్యం ఉపేందర్ ఒక్కడిదే.

"సోమవారం నుంచి వాషింగ్ చూసుకో," అన్నాడు లక్ష్మీకాంత్. "బండ్లు కడగడానికి ఏ అంకే అక్కర్లేదు. ఆడపిల్లను పెట్టుకోవద్దని ఓనర్ అప్పుడే అన్నాడు, నేనే పోనీలెమ్మన్నాను. ఇంకో అమ్మాయి అప్లికేషన్ కూడా నా సొరుగులో ఉంది. ఇప్పుడు ఆ పిల్లకు ఏం చెప్పమంటావు?"

తిట్టి ఊరుకుంటే సంతోషి దులిపేసుకునేది. తన చేతిలో మర పోయినందుకు, ముఖమైనా తెలియని ఇంకో పిల్ల దారి మూసుకుపోవడమేమిటి? కానీ ఏమని ఎదురు మాట్లాడుతుంది? ఊడిన మర అరచేతిలోనే ఉంది.

రామస్వామి వచ్చి ఆ బోల్టు తీసుకున్నాడు. అరవైకి దగ్గరపడ్డ మనిషి, షెడ్డంతా ఉస్తాద్ అంటుంది. చుట్టుకున్న అల్యూమినియం తీగను గోటితో విడదీసి, వెలుతురుకు పట్టి చూశాడు.

"ఈ బండి నేను సూస్కుంట. నువ్వు వొయ్యి చాయ్ తాగు బిడ్డా."

ఆ మెత్తని మాట ఆమెకు తిట్టు కంటే ఎక్కువ గుచ్చుకుంది. ఎనిమిది నెలల కింద, పిల్లను రానియ్యున్రి, నేను నేర్పుకుంట అని పూచీపడ్డవాడు ఆయనే.

*

అంకె తప్పేమో. మొదట సంతోషికి తోచింది అదే. సాయంత్రం ఉప్పల్ వెళ్లే షేర్ ఆటోలో నలుగురి మధ్య ఇరుక్కుని కూర్చుని ఫోన్ తీసింది. వెతికితే దొరకనిదేముంది? ఒక వీడియోలో ఒకాయన మీసం దువ్వుకుంటూ పన్నెండు అన్నాడు. ఇంకో చోట ఎనిమిది. మెకానిక్‌ల వాట్సాప్ గ్రూపులో ఎవరో ఎప్పుడో పంపిన జాబితాలో పద్నాలుగు. అది ఏ బండిదో, ఏ సంవత్సరానిదో పంపినవాడికీ తెలియదు. అందరూ ధీమాగానే చెబుతున్నారు. ఒక్కరూ ఎక్కడ చూసి చెబుతున్నారో చెప్పరు.

ఉప్పల్‌లో దిగి స్పేర్‌పార్టుల దుకాణానికి వెళ్లింది. కౌంటర్ వెనక ఉన్న చిదంబరం తలెత్తకుండానే తేల్చేశాడు. "ఎనిమిది పెట్టమ్మా. తక్కువ పెడితే ఏదీ పోదు."

"ఇంజిన్ నూనె కారుతది గదన్నా?"

"కారితే మల్ల వస్తరు. నీకేం ఫికరు?"

ఆ సలహా పాటించేంతగా ఆమె ఇంకా నీతి తప్పలేదు. శుక్రవారం మధ్యాహ్నం అందరూ అన్నాలు తింటుంటే, ఆమె మూడు బండ్ల జాబ్ కార్డులు ముందేసుకుని ఛాసిస్ నంబర్లు చూసింది. మూడూ ఒకే మోడల్, ఒకే ఏడాది. తన ఫోన్‌లో ఉన్నది సరిగ్గా ఆ ఏడాది పుస్తకమే. అందులో సైడ్ కవర్ బోల్టుకు పది అనే ఉంది. ఆ పేజీ ముప్పై సార్లు చూసి ఉంటుంది, ముప్పై సార్లూ పదే.

అంకె తప్పు కానప్పుడు పానా తప్పయి ఉండాలి. తన పానాను తానే అనుమానించడం ఆమెకు కష్టంగానే తోచింది. అయినా శనివారం ఇంటికి పోయేటప్పుడు దాన్ని టిఫిన్ సంచిలో పెట్టుకుంది. షెడ్డు మూలన పారేసిన ఇంజిన్ గూడు ముక్క ఒకటి తీసుకుపోతానని ఉస్తాద్‌ను అడిగింది. ఎందుకని ఆయన అడగలేదు, తనే కాగితంలో చుట్టి ఇచ్చాడు.

సంతోషి ఉంటున్నది ఉప్పల్‌లో, అనంతలక్ష్మి ఇంటి మేడమీద ఒక గదిలో. అనంతలక్ష్మి హబ్సిగూడలోని ఒక పరిశోధన సంస్థలో పరికరాల కొలతలు సరిచూసే పని ముప్పయ్యేళ్లు చేసి దిగిపోయింది. ఉద్యోగం దిగింది గానీ అలవాటు దిగలేదు. ఆమె ఇంట్లో గోడ గడియారం అర నిమిషం తప్పినా అది గోడ మీద ఉండదు.

ఆదివారం పొద్దున సంతోషి మెట్లు దిగుతుంటే వరండాలోంచి పిలిచింది. "ఇదిగో, మూడు రోజులుగా నువ్వు మెట్లెక్కే చప్పుడే మారిపోయింది. ఏమిటి సంగతి?"

సంతోషి చెప్పింది. మొదటి మర పోయినప్పటి నుంచి సోమవారం వాషింగ్ దాకా. అనంతలక్ష్మి అయ్యో పాపం అనలేదు, ఆమెకు ఆ మాట రాదు. "పానా తీసుకురా," అంది.

పెరటి వరండాలో బల్లకు బిగించిన చిన్న ఇనుప వైస్ ఉంది, వస్తువును దవడల మధ్య కదలకుండా పట్టి ఉంచేది. అనంతలక్ష్మి పానా తలను అందులో బిగించి, పిడి అడ్డంగా నిలబడేట్టు చేసి, అంకెను పది దగ్గర పెట్టింది. తల నుంచి పిడి నడుమ దాకా టేపుతో కొలిస్తే ఇరవై సెంటీమీటర్లు. అక్కడ తాడు కట్టి ప్లాస్టిక్ బకెట్ వేలాడదీసింది.

"ఇరవై సెంటీమీటర్ల దూరంలో ఐదు కిలోల వంద గ్రాములు వేలాడితే పది న్యూటన్ మీటర్లు. కాస్త అటూ ఇటూగా అక్కడ టక్కుమంటే నీ పానా నిజం చెబుతున్నట్టు. గ్లాసుతో పొయ్యి. తొందరపడకు."

సంతోషి గ్లాసు తర్వాత గ్లాసు పోసింది. చివర్లో చెంచాతో పోసింది. పానా తప్పయితే బాగుండునని ఆమె మొక్కని దేవుడు లేడు, కీసరగుట్ట రామలింగేశ్వరుడితో సహా. టక్కుమంది. బకెట్‌ను తీసుకెళ్లి వంటింటి కాటా మీద పెట్టారు. ఐదు కిలోల ఇరవై గ్రాములు.

"మిగతాది పానా సొంత బరువు," అంది అనంతలక్ష్మి. "దీనికి ఏ పాపమూ తెలియదు."

దేవుడు వినలేదు. అంకె ఒప్పు, పానా ఒప్పు. ఇక మిగిలింది తనే. సంతోషికి కళ్లలో నీళ్లు తిరిగాయి. "అయితే నా చెయ్యే మంచిగ లేదాంటీ."

"నోర్ముయ్. చేతికి మంచీ చెడూ ఉండవు. చేతి మహిమ అని రాసిన రిపోర్టు నా సర్వీసులో ఒక్కటి కూడా ముందుకు పంపలేదు నేను. బోల్టు ఎలా బిగిస్తావో మొదటి నుంచి చేసి చూపించు. చెప్పొద్దు, చెయ్యి."

సంతోషి కళ్లు తుడుచుకుని, కాగితం విప్పి ఇంజిన్ ముక్కను వైస్‌లో బిగించింది. బోల్టు తీసుకుంది. గుడ్డతో తుడిచింది. తర్వాత చుట్టూ చూసి అడిగింది. "ఆంటీ, జర నూనె ఉంటె ఇస్తరా? ఒక్క సుక్క."

"పల్లీ నూనె ఉంది, నువ్వుల నూనె ఉంది. దేనికి?"

"బోల్టుకు."

"బోల్టుకా?"

"మరకు ముట్టియ్యాలె గద. లేకుంటె తుప్పు వడ్తది, మల్ల ఇప్పుదమంటె రాదు. ఉస్తాద్ మొదటి దినమే జెప్పిండు. మా షెడ్డుల అందరం గట్లనే జేస్తం."

అనంతలక్ష్మి కళ్లద్దాలు సవరించుకుంది. "నీ పుస్తకంలో ఉందా ఆ మాట?"

సంతోషి ఫోన్ తీసింది. పట్టికలో ఎడమ పక్క బోల్టు పేరు, తర్వాత సైజు, తర్వాత అంకె, అన్నిటికీ చివర సన్నగా ఇంకో గడి. పై వరుసలో సిలిండర్ హెడ్ బోల్టుల పక్కన ఆ గడిలో ఉంది, మరకు నూనె పూసి బిగించాలని. ఇంకో రెండు వరుసలకూ ఉంది. సైడ్ కవర్ బోల్టుల పక్కన గడి ఖాళీ. ఆ ఖాళీని ఆమె ముప్పై సార్లు దాటి వచ్చింది. ఖాళీగా ఉన్నదాన్ని ఎవరు చదువుతారు?

"నూనె పూయమన్న చోట పూయమని చెప్పింది," అంది అనంతలక్ష్మి. "చెప్పని చోట పొడిగా బిగించాలనేగా అర్థం. పానాకు తెలిసేది బోల్టు ఎంత మొరాయిస్తోందన్నదే. పొడి బోల్టు రాపిడికి మొరాయిస్తుంది, పది దగ్గర ఆగిపోతుంది. నూనె పెట్టావనుకో, హాయిగా జారుతుంది. పానా టక్కుమనే లోపల ఇంకాస్త లోపలికి దిగిపోతుంది. ఎన్నిసార్లు విప్పి బిగించారో ఆ పాత అల్యూమినియం, ఎంతని ఓర్చుకుంటుంది?"

ఆమె మాట నమ్మి ఊరుకోవాలని సంతోషికి అనిపించలేదు. కంటితో చూడాలి. పెన్నుతో రెండు బోల్టుల తలల మీద గీతలు పెట్టింది. మొదటిది పొడిగా తిప్పింది. తల ఆనుకున్నాక గీత పావు చుట్టు తిరిగేసరికి టక్కుమంది. రెండోదానికి నూనె ముట్టించి తిప్పింది. పావు చుట్టు దాటింది, టక్కు లేదు. ఇంకా తిరిగింది. దాదాపు అర చుట్టు దగ్గర గానీ అనలేదు.

సంతోషి నవ్వింది. మొదట చిన్నగా, తర్వాత వరండా అరుగు మీద కూలబడి, పొట్ట పట్టుకుని నవ్వింది. తప్పు తనదేనని తేలినందుకు అంతగా నవ్విన మనిషి ఆ రోజు ఉప్పల్ మొత్తంలో ఇంకొకరు ఉండరు. శాపం కాదు, చేతి దోషం కాదు, ఆడపిల్ల కావడం అంతకన్నా కాదు. ఒక చుక్క నూనె! అనంతలక్ష్మి పెట్టిన ఉప్మా రెండుసార్లు వడ్డించుకుని తింది.

చేతులు కడుక్కుంటుండగా తట్టింది. ఇది షెడ్డులో చెప్పడం ఎలా? నూనె పెట్టమన్నది ఉస్తాద్. ఆ మాట నోటినుంచి వచ్చిందంటే, పూచీపడి తెచ్చిన మనిషి నెత్తినే నింద వేసినట్టు.

*

సోమవారం షెడ్డు తెరిచే వేళకు ముందే సంతోషి అక్కడుంది. రామస్వామి అప్పటికే వచ్చి, తన పనిముట్లు సైజుల వారీగా బల్ల మీద పేర్చుకుంటున్నాడు. ఆమె సంచిలోంచి ఇంజిన్ ముక్క తీసి ఆయన ముందు పెట్టింది. దారి పొడుగునా కూర్చుకున్న మాటలు ఒక్కటీ గుర్తుకు రాలేదు.

"ఉస్తాద్, కోపం జేస్కోవద్దు. ఒకటి సూపిస్త."

రెండు బోల్టులూ ఆయన కళ్ల ముందు బిగించింది, ఒకటి పొడిగా, ఒకటి నూనెతో. రెండు గీతలూ రెండు చోట్ల ఆగాయి. రామస్వామి వంగి చూశాడు. ఒక్కో గీత మీదా గోరు ఆనించాడు.

"మా ఉస్తాద్ గిట్లనే నేర్పిండు," అన్నాడు. "నూనె లేకుంట బోల్టు వట్టుకుంటే వీపుల ఒక్కటి సరిశేటోడు. మరి నా చేతుల ఒక్కటన్న పోకపాయె గద? ఇటియ్యి."

రెండు బోల్టులూ విప్పించి, ఒకదానికి నూనె ముట్టించి, తన పొట్టి పానాతో తనే బిగించాడు. బిగించేటప్పుడు ఆయన బోల్టు వంక చూడడు, గోడ వంక చూస్తాడు. మణికట్టు ఒకచోట దానంతటదే ఆగింది. రెండోది పొడిది. అదీ ఆగింది. సంతోషి వంగి చూసింది. రెండు గీతలూ ఒకే చోట ఉన్నాయి, పావు చుట్టు దగ్గర. నూనె బోల్టు జారిపోతుంటే ఆ చెయ్యి దాన్ని ముందే పట్టుకుని ఆపేసింది.

రామస్వామి కూడా ఆశ్చర్యపోయాడు. తన చేతిని ఎవరిదో చూసినట్టు చూసుకున్నాడు.

"ఇది నా చెయ్యికి ఎరుకున్నది గని నా నోటికి ఎరుక లేదు బిడ్డా. నూనె పెట్టుమని జెప్పిన. పెట్టినంక చెయ్యి ఎట్ల ఆపాల్నో జెప్పలే. నీకు సగం పనే నేర్పిన."

ఆమె ఏదో అనబోయింది. అంతలో మిగతావాళ్లు వచ్చారు, వాళ్ల వెనకే లక్ష్మీకాంత్. బండి స్టాండ్ వెయ్యకముందే అన్నాడు. "సంతోషీ, రెండు బండ్లు వాషింగ్‌కు వచ్చి ఉన్నాయి. పైపు తీసుకో."

"సార్, మరలు ఎందుకు పోయినయో దొరికింది. తప్పు నాదే. ఆ బోల్టులు పొడిగ బిగియ్యాలె, పుస్తకంల సరిగ సూడలే. నూనె పెట్టిన."

"నూనె ఎవరు పెట్టమన్నారు?"

సంతోషి నేల చూపులు చూసింది. ఉపేందర్ చేతిలో అప్పుడే నూనెలో ముంచిన బోల్టు ఉంది, దాన్ని మెల్లగా గుడ్డ కింద పెట్టేశాడు.

"నేను," అన్నాడు రామస్వామి.

అని ఊరుకోలేదు. ప్యాంటు మడమల పైకి మడిచి, చెప్పులు విడిచి, వాషింగ్ ర్యాంపు దగ్గరికి నడిచి పైపు అందుకున్నాడు.

"ఏం చేస్తున్నావు రామస్వామీ?"

"సోమారం నుంచి కడుగుతందుకు మనిషి గావాలంటివి గద సార్. నేర్చుకున్నోళ్లదేం తప్పు? నేర్పినోడే కడగాలె."

"మరి నీ బల్ల మీద ఇంజిన్ విప్పి పెట్టావే? అది పన్నెండింటికి ఇవ్వాలి! ఎవరు మూస్తారు?"

"సంతోషి మూస్తది."

అది బెదిరింపు కాదు, కోపమూ కాదు. ఆ పిల్ల మూయగలదని నమ్మి చెప్పిన మాట. లక్ష్మీకాంత్ అటు చూశాడు, ఇటు చూశాడు. చెడ్డవాడేమీ కాదు పాపం. షెడ్డు నడవాలి, ఓనర్ ఫోన్ చెయ్యకూడదు, ఆయనకు కావలసింది అంతే. "నువ్వా పైపు కింద పెట్టవయ్యా ముందు," అన్నాడు. "సరే. సంతోషీ, బిగించు. పొడిగానే బిగించు. నా ముందర."

సంతోషి ఉస్తాద్ బల్ల దగ్గరికి వెళ్లింది. ఆ కవర్‌కూ పది బోల్టులే. ఒక్కొక్కటే శుభ్రంగా తుడిచింది, మరల్లో తడి లేకుండా గాలి కొట్టింది, చేత్తో తిప్పి ఆనించింది. మిగతావాళ్లంతా చుట్టూ మూగారు. ఒకటి టక్కుమంది, రెండు, మూడు. ఏడోది కాస్త ఆలస్యంగా అన్నప్పుడు ఆమె వీపు మీద చెమట జారింది. ఎనిమిది. తొమ్మిది. పదో బోల్టు మీద పానా పెట్టి, ఊపిరి బిగబట్టి లాగింది.

టక్కుమంది.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు, అది అలాంటి షెడ్డు కాదు. ఉపేందర్ వచ్చి పదో బోల్టును బొటనవేలితో తడిమి చూశాడు. "ఏది పొడి, ఏది నూనె, నాకు గూడ జర రాసియ్యరాదు," అన్నాడు. పాప అన్న మాట కలపలేదు. లక్ష్మీకాంత్ గొంతు సవరించుకుని తన సొరుగు దగ్గరికి వెళ్లి, అప్లికేషన్ కాగితం తీసి, ఎవరికో ఫోన్ కలిపాడు. "ఏమ్మా, నాచారం షెడ్డు నుంచి. బుధవారం వచ్చి కలుస్తావా?" అంటున్నాడు.

సంతోషి బల్లకు ఆనుకుని నిలబడింది. ఏడవాలో నవ్వాలో తెలియలేదు. రెండూ చెయ్యకుండా పానాను తుడిచి పెట్టెలో పెట్టింది.

పదకొండు గంటల వేళ రామస్వామి ఇంకో బండి వెనక చక్రం ఎక్కిస్తున్నాడు. నట్టు చేత్తో ఆనించాడు, పొట్టి పానా అందుకున్నాడు, అలవాటుగా గోడ వంక చూడబోయి ఆగాడు.

"బిడ్డా, వెనక చక్రం నట్టుకు నీ పుస్తకం ఎంతంటది?"

ముప్పయ్యేళ్లలో ఆయన ఆ ప్రశ్న ఎవరినీ అడిగి ఉండడు. అంకె సంతోషి నాలుక చివరనే ఉంది. చెప్పేద్దామనిపించింది, నోటిదాకా వచ్చిందాన్ని మింగేసింది.

"సూసి చెప్త ఉస్తాద్."

ఫోన్ తీసి ఆ వరుసను చివరి గడి దాకా ఒక్కో మాటే చదవడం మొదలుపెట్టింది. రామస్వామి పానా కింద పెట్టి, చేతులు కట్టుకుని, ఆమె చదివేదాకా నిలబడ్డాడు.